పావంగుళం

ఇంజను పలికింది గాని, మాట వినలేదు. పోయిన వారం మనం షెడ్డు దాటి బయటికి వచ్చేసరికి సంగతి అక్కడ ఆగింది.

పందొమ్మిదేళ్లు రేకుల కప్పు కింద కోళ్లకి గూడై, చక్రాలు నేలలో దిగబడిపోయిన తన బావ ట్రాక్టరుని చిన్న మేస్త్రి ఏడు నెలలు చాకిరీ చేసి మళ్లీ బండి అనిపించాడు. చేయమన్నది అతని అక్క. "ఒక్కసారి దాని చప్పుడు వినాలిరా. ఆ తర్వాత దాన్నేం చేసుకుంటావో నీ ఇష్టం" అంది. ఆ బండి తిరగబడే బావ పోయాడు. తాగి నడిపాడని అందరూ అన్నారు. ఇక తాగనని అక్కకి మాటిచ్చి అప్పటికి ఏడాది దాటింది. ఆ పొద్దున ఏదో చిన్న గొడవలో అక్క, "ఆ బండితోనే కాపరం చేసుకో, ఇంటికి రాకు" అంది. ఆ మాటకే మళ్లీ తాగాడని అక్క నమ్మింది. నమ్మి, అప్పట్నుంచీ పుస్తకాల బైండింగు షాపులో తల వంచుకుని కాగితాలు మడుస్తూ బతుకుతోంది.

ఇవాళ మధ్యాహ్నం మూడింటికి వస్తానంది. పొద్దున ఎనిమిదికల్లా చిన్న మేస్త్రి షెడ్డు తలుపు తీశాడు.

గుమ్మం పక్కన ఇనప కుర్చీలో పెద్ద మేస్త్రి అప్పటికే కూర్చుని ఉన్నాడు, చేతిలో పేపరుతో. తండ్రీకొడుకులిద్దరిదీ ఒకటే షెడ్డు. పనిముట్లు పట్టడం మానేసి పందొమ్మిదేళ్లయినా పెద్దాయన రోజూ వచ్చి ఆ కుర్చీలో కూర్చుంటాడు. వచ్చినవాళ్ల బళ్ల చప్పుడు విని జబ్బు చెప్తాడు గాని, పానా ముట్టుకోడు.

"పక్క మంగలి నిన్న నాతో పోట్లాటకొచ్చాడు" అన్నాడు పేపరులోంచి తలెత్తకుండా. "నీ ఇంజను రేజు చేసినప్పుడల్లా వాడి గోడ సున్నం గడ్డం గీయించుకునేవాళ్ల నురగలో పడుతోందిట."

చిన్న మేస్త్రి నవ్వలేదు. నవ్వే ఓపిక లేదు. మూడు రోజులుగా అదే తంటా. హ్యాండిలు తిప్పితే రెండో చుట్టుకే ఇంజను అందుకుంటోంది. ముందు పెట్రోలు మీద నడిపి, ఒళ్లు వేడెక్కాక కిరసనాయిలుకి మారిస్తే ఎక్కిళ్లు లేకుండా తాగుతోంది. నాలుగు సిలిండర్లూ వరసగా, ఒకదాని వెనకాల ఒకటి, తడబడకుండా కొడుతున్నాయి. కాని వేగం తగ్గించే లివరు వెనక్కి లాగితే మాత్రం తగ్గదు. సగం దాకా తగ్గి, అక్కడ్నుంచి మొండికేస్తుంది.

ప్లగ్గులకి నిప్పురవ్వ అందించే మ్యాగ్నెటో విప్పి పాయింట్ల మధ్య సందు రేకు ముక్కతో కొలిచి సరిచేశాడు. ప్లగ్గులు నాలుగూ తీసి మొహాలు చూశాడు. గోధుమరంగులో, ఆరోగ్యంగా ఉన్నాయి. కార్బరేటరు మూడుసార్లు విప్పి, సన్న తీగతో జెట్టులు పొడిచి, పెట్రోల్లో కడిగాడు. స్లో స్క్రూ ఇక తిరగనంత వెనక్కి తిప్పాడు. ఏం చేసినా ఇంజనులోకి గాలీ నూనే వదిలే లోపలి పలక పూర్తిగా మూసుకోవడం లేదు. చేసిన పనే మళ్లీ చేస్తూ, గానుగెద్దులా అదే చుట్టు తిరుగుతున్నాడు.

ఆఖరికి పుస్తకం తీశాడు. కంపెనీవాళ్లు బండితో పాటు ఇచ్చిన పాత పుస్తకం అది. ఎలకలు కొరికి, పేజీలు ఊడిపోయి ఉంటే అక్కే దానికి కొత్త అట్ట వేసి కుట్టి ఇచ్చింది. అందులో గవర్నరు బొమ్మ ఉంది. బరువు పడినా పడకపోయినా ఇంజను వేగాన్ని హద్దులో ఉంచే భాగమది. దాన్నీ కార్బరేటరునీ కలుపుతూ, ఆ పలకని తెరిచి మూసే, వేలంత లావు లేని కడ్డీ ఒకటి. బొమ్మ కింద ఆ కడ్డీ పొడుగెంతో వేసి ఉంది, ఈ రంధ్రం నడిమి నుంచి ఆ రంధ్రం నడిమి దాకా.

కడ్డీ విప్పి బల్ల మీద పెట్టి కొలిచాడు. నమ్మక మళ్లీ కొలిచాడు.

పావంగుళం ఎక్కువుంది.

కడ్డీ నడుమ అతుకుందని అతనికి ముందే తెలుసు. పాత బళ్లకి అతుకుల్లేకుండా ఉంటాయా అని అప్పుడు పట్టించుకోలేదు, పైన రంగు వేసేశాడు. ఇప్పుడు గరుకు కాగితం తీసుకుని ఆ రంగు గీకాడు. కింద ఇత్తడి మెరిసింది. ఉంగరం తొడిగినట్టు, చుట్టూ ఒక్కలా, ఎక్కడా బుడగ లేకుండా పోసిన అతుకు. దాని పక్కన ఇనుములో పొడిచిన రెండు సన్న చుక్కలు.

చిన్న మేస్త్రి కడ్డీని వెలుతురులోకి తిప్పి మళ్లీ చూశాడు.

ఆ చుక్కలు అతనికి అక్షరాలతో పాటు వచ్చాయి. "పనోడు పేరు రాసుకోకూడదురా, చుక్క పెట్టుకోవాలి. తేడా వస్తే మన దగ్గరికే తిరిగొస్తుంది" అని తండ్రి చెప్పేవాడు. ఈ చుట్టుపక్కల ఇత్తడి అతుకు పక్కన రెండు చుక్కలు పెట్టేవాడు ఒక్కడే.

కడ్డీ పట్టుకుని కుర్చీ ముందుకొచ్చి నిలబడ్డాడు.

"నాన్నా, ఇది నువ్వు వేసిందేనా?"

పెద్ద మేస్త్రి కడ్డీ వైపు చూసి, మళ్లీ పేపరులోకి తల దించాడు. "లక్ష వేశాను. ఏది ఎప్పుడు వేశానో ఎవడికి గుర్తు? కళ్లు కూడా మసకేశాయి."

"పేపర్లో చిన్న అక్షరాలు కళ్లజోడు లేకుండా చదువుతున్నావు."

పెద్దాయన పేజీ తిప్పాడు.

"బావ పోవడానికి ముందు మూడు నెలలు ఈ బండి మన షెడ్డుకే రాలేదన్నావు. అందరితో అలాగే చెప్పావు."

"రాలేదు."

"ముందు రోజు సాయంత్రం నేను బావ పక్కన మడ్ గార్డు మీద కూర్చుని కాలవ గట్టు దాకా వెళ్లాను నాన్నా. గట్టు దిగుతున్నప్పుడు బావ లివరు లాగాడు. బండి పిల్లిలా అయిపోయింది. పక్కన పిచ్చుకల గోల కూడా వినపడింది. ఈ కడ్డీతో అది అవదు. మూడు రోజుల్నుంచి చూస్తున్నా, ఏం చేసినా అవదు. అంటే ఈ అతుకు ఆ సాయంత్రానికి లేదు. మర్నాడు నేను షెడ్డుకి రాలేదు, పొద్దు వాలేసరికి బావే లేడు. మధ్యలో ఎప్పుడు వేశావు?"

పేపరు మడత మీద పెద్దాయన బొటనవేలు ఒకటే చోట రాస్తూ ఉండిపోయింది. వీధిలో ఎవరో సైకిలు గంట కొట్టుకుంటూ పోయారు. మంగలి షాపులో రేడియో పాడుతోంది.

"మధ్యాహ్నం" అన్నాడు చివరికి. "మధ్యాహ్నం పన్నెండూ పన్నెండున్నరకి. మబ్బు పట్టేసింది. ధాన్యం బస్తాలన్నీ పొలంలో ఆరుబయట ఉన్నాయి. కడ్డీ విరిగింది మామయ్యా, తొందరగా, తొందరగా అని నెత్తి మీద నిలబడ్డాడు. విరిగినచోట అరిగిపోయి కొంత ముక్క రాలిపోయింది. మధ్యలో చిన్న ముక్క పెట్టి అతికేశాను."

"కొలవలేదా?"

"కంటి కొలత. ముప్పయ్యేళ్లు కంటి కొలతే. ఎప్పుడూ తప్పలేదు."

"బిగించాక స్టార్టు చేసి చూశావా?"

"చూద్దామన్నాను. అతనే వద్దు, వానొచ్చేస్తోంది..." పెద్ద మేస్త్రి ఆగిపోయాడు. "లేదురా. నేను అనలేదు. అన్నం టైమయింది. వెళ్లు వెళ్లు అన్నాను."

చిన్న మేస్త్రి పక్కనున్న టైరు మీద కూలబడ్డాడు. ఇక అడక్కుండా ఉంటే బాగుండునని అతనికే అనిపించింది. కాని నోరు ఆగలేదు.

"బండి తిరగబడ్డ ఆ గట్టు దిగుడుకి అందరికంటే ముందు వెళ్లింది నువ్వే కదా."

"నేనే."

"ఏం చూశావు?"

"లివరు" అన్నాడు పెద్దాయన. "చివరికంటా లాగి ఉంది. ఇంకా వెనక్కి లాగడానికి చోటు లేదు. చెయ్యి దాని మీదే ఉంది. వేళ్లు విప్పాల్సి వచ్చింది." పేపరు జారి కింద పడితే తీసుకోలేదు. "వెనకాల ట్రాలీలో అన్ని బస్తాలు తోస్తుంటే ఇంజను తగ్గకపోతే ఏం చేస్తాడు? ఆ బరువుకి బ్రేకు నిలవదు, క్లచ్చి తొక్కితే బండి ఇంకా వదులైపోతుంది. ఆ దిగుడులో దేవుడొచ్చినా ఆపలేడు. చూడగానే తెలిసిపోయింది. నా చేతిపనే అని తెలిసిపోయింది. ఈలోపు జనం వచ్చేశారు. ఏమైంది, ఏమైంది అని నన్నే అడిగారు. ఏం చెప్పాలో తెలీక..."

"తెలీక?"

"వాసనొస్తోంది అన్నాను."

"బావ తాగాడా?"

"లేదు."

"వాసనొచ్చిందా?"

"లేదన్నాను కదరా!" పెద్దాయన అరిచాడు. ఆ అరుపుకి దగ్గొచ్చి వంగిపోయాడు. "ఒక్క మాట. నోట్లోంచి జారిపోయింది. మిగతాదంతా జనమే అనుకున్నారు. ముందు తాగేవాడు కదా, ఎవరూ మళ్లీ అడగలేదు. రెండో రోజు చెబుదామనుకున్నా. దినాలయ్యాక చెబుదామనుకున్నా. రోజు గడిచినకొద్దీ ఆ మాట గొంతులో బండరాయైపోయింది. గ్యాసు మంట ముట్టిస్తే చెయ్యి వణికేది. కళ్లు పోయాయని చెప్పి మానేశాను."

చిన్న మేస్త్రి తనకి కోపం వస్తుందనుకున్నాడు. రాలేదు. కోపం వచ్చినా బాగుండేది, పట్టుకోడానికి ఏదో ఒకటి ఉండేది. అతనికి అక్క తల గుర్తొచ్చింది. ఇరవై ఆరేళ్లప్పుడు వంచిన తల. తాగుబోతు పెళ్లామని పనిలోకి తీసుకోడానికి వెనకాడితే షాపువాళ్ల ముందు నిలబడ్డ తల. ఇంట్లో ఎవరైనా గొంతు పెంచితే చాలు, చెవులు మూసుకుని లేచి వెళ్లిపోయే అక్క. తను అన్న ఒక్క మాట మనిషిని చంపిందని, ఆ తర్వాత ఎవర్నీ ఒక్క మాట అనడం మానేసింది. అదంతా ఈ పెద్దమనిషి ఇదే కుర్చీలో కూర్చుని చూస్తూ ఉన్నాడు.

"ఇప్పుడు చెప్పి ఏం చేస్తావు?" అన్నాడు తండ్రి మెల్లిగా, బతిమాలుతున్నట్టు. "పోయినోడు తిరిగొస్తాడా? అదెలాగో నెట్టుకొచ్చింది. ఇప్పుడు తెలిస్తే దానికి మొగుడూ లేడు, తండ్రీ లేడు. కడ్డీ సరిచెయ్యి. మూడింటికి వస్తుంది, చప్పుడు వింటుంది, సంతోషంగా వెళ్తుంది. నేనింకెన్నాళ్లు ఉంటాను గనక."

చిన్న మేస్త్రి లేచి బల్ల దగ్గరికి వెళ్లాడు. ఏం చెయ్యాలో తెలియనప్పుడు అతని చేతులు పని వెతుక్కుంటాయి. అంతే లావున్న కడ్డీ ముక్క తీసుకున్నాడు. పుస్తకం పక్కన పెట్టుకుని కొలిచి కోశాడు. రెండు చివర్లూ వేడి చేసి వంచి, రంధ్రాలు వేసి, ఆకురాయితో అంచులు తీశాడు. మళ్లీ కొలిచాడు. వెంట్రుక వాసి తేడా లేదు. బిగించాడు. మొత్తం అరగంట పట్టింది.

హ్యాండిలు తిప్పాడు. ఇంజను అందుకుంది. వేడెక్కనిచ్చి, లివరు వెనక్కి లాగాడు.

తగ్గింది. ఇంకా లాగాడు. ఇంకా తగ్గింది. చివరికంటా లాగాడు. నాలుగు సిలిండర్లూ ఒక్కొక్కటిగా వినపడేంత నిమ్మళంగా, పొట్టనిండా తాగి పడుకున్న దూడలా ఇంజను ఊపిరి తీస్తూ ఉండిపోయింది. బానెటు మీద పెట్టిన నట్టు కూడా కదల్లేదు. ఇరవై రెండేళ్లుగా బళ్లు బాగుచేస్తున్నాడు, ఇంత చక్కగా ఏ ఇంజనూ అతని చేతిలో కుదరలేదు. ఇంకోరోజైతే వీధంతా పిలిచి వినిపించేవాడు.

అరగంట పని. ఆ రోజు అన్నం కాస్త ఆలస్యమైతే సరిపోయేది. చిన్న మేస్త్రి చక్రం పక్కన నేల మీద కూర్చుని, నూనె చేతుల్లో మొహం పెట్టుకుని, ఇంజను చప్పుడులో ఎవరికీ వినపడకుండా ఏడ్చాడు.

అక్క మూడింటికంటే ముందే వచ్చింది. షాపులోంచి తిన్నగా వచ్చినట్టుంది, వేళ్ల కొసల్లో ఎండిన జిగురు పొరలు పొరలుగా ఉంది. తమ్ముడు ఇంజను ఆపలేదు, అలాగే నడుస్తోంది. అక్క గుమ్మంలోనే ఆగిపోయింది. తండ్రి వైపు చూడలేదు, తమ్ముడి వైపు చూడలేదు. నెమ్మదిగా వచ్చి బానెటు మీద అరచెయ్యి పెట్టి నిలబడింది.

"వేడిగా ఉంది" అంది, చిన్నపిల్లలా.

"ఎక్కుతావా?"

అక్క చెప్పులు విడిచి, తమ్ముడి భుజం పట్టుకుని సీటు మీదికెక్కింది. "ఇదేనా తగ్గించేది?" అంటూ లివరు మీద చెయ్యి వేసింది. ముందుకి తోసింది. ఇంజను గర్జించింది. పక్క షాపులోంచి మంగలి ఏదో అరిచాడు. వెనక్కి లాగింది. ఇంజను టక్కున దిగివచ్చి, మాట పడ్డ పిల్లాడిలా బుద్ధిగా కూర్చుంది. మళ్లీ తోసి, మళ్లీ లాగింది. మూడోసారి, నాలుగోసారి. చేస్తూ చేస్తూ ఉంటే ఆమె మొహంలో రంగు దిగిపోవడం తమ్ముడు చూశాడు.

"చెప్పినమాట ఎంత బాగా వింటోందిరా" అంది.

"అక్కా..."

"నన్ను చెప్పనీ. నీకు ఇన్నాళ్లూ చెప్పలేదు. దీన్ని బాగుచెయ్యమన్నది చప్పుడు వినడానికి కాదు. బండిలోనే ఏదో లోపం ఉండి ఉంటుందేమోనని ఎక్కడో ఓ మూల ఆశ. నువ్వు దీన్ని విప్పుతావు, ఏదో ఒకటి దొరుకుతుంది, పరిగెత్తుకొచ్చి 'అక్కా, బావ తప్పు లేదే' అని చెప్తావని ఏడు నెలలు ఎదురుచూశాను. నువ్వు వచ్చినప్పుడల్లా నీ మొహం చూసేదాన్ని." నవ్వబోయింది, కుదరలేదు. "ఏమీ లేదు కదా. ఇంత బుద్ధిగా ఉంది. చిటికెన వేలితో లాగితే ఆగుతోంది. ఇంత మంచి బండిని పడేశాడంటే ఒళ్లు తెలీకుండా తాగాడన్నమాటే. నా వల్లే తాగాడన్నమాటే. పోనీలే. ఇవాళ్టితో ఆశ కూడా తీరిపోయింది."

బావ మీద అక్కకి మిగిలున్న ఒక్క నమ్మకాన్నీ చిన్న మేస్త్రి తన చేతుల్తోనే సరిగ్గా కొలిచి, కోసి, బిగించి తీసేశాడు. పొద్దుట్నుంచీ జేబులో తొడకి గుచ్చుకుంటున్న పాత కడ్డీని బయటికి తీశాడు.

"అక్కా, ఇలా చూడు. ఇది..."

వెనకాల ఇనప కుర్చీ నేల మీద గీరుకుంది. పెద్ద మేస్త్రి లేచాడు. గోడ పట్టుకుని, బల్ల పట్టుకుని, చక్రం పట్టుకుని ట్రాక్టరు దాకా వచ్చి, పందొమ్మిదేళ్ల తర్వాత మొదటిసారి ఆ బండి మీద చెయ్యి వేసి ఇంజను ఆపేశాడు. షెడ్డంతా ఒక్కసారిగా చెవులు దిబ్బడేసినట్టయింది.

"అమ్మాయ్" అన్నాడు. "వాడి చేతిలో ఉన్నది నేను చేసిందే. కొలవకుండా చేశాను, చూడకుండా పంపాను. మీ ఆయన తాగలేదు. వాసనొస్తోందన్నది కూడా నేనే. అదంతా వాడు చెప్తాడు." కూతురి వైపు తలెత్తాడు. "కాని వాడికీ తెలియనిది ఒకటుంది. ఆ మధ్యాహ్నం అల్లుడు నా దగ్గరికి ఒంటరిగా రాలేదు. వెంట ఇంకొకరున్నారు."

పొద్దుటి నుంచీ ఈ మాట ఆయన నోట రాలేదు. ఇది నిజమో, ప్రాణం మీదికొస్తే నోట్లోంచి జారే మరో మాటో, కన్నకొడుకై ఉండి కూడా చిన్న మేస్త్రి పోల్చుకోలేకపోయాడు.

అక్క కేక పెట్టలేదు, ఏడవలేదు. కడ్డీ వైపు కూడా చూడలేదు. చల్లారుతున్న ఇంజను మీద టిక్కు టిక్కుమని చప్పుడవుతుంటే, లివరు మీద చెయ్యి తియ్యకుండా, సీటు దిగకుండా, తండ్రి కళ్లలోకి చూసింది.

"ఎవరు?" అంది.